కీర్తి, కూలి – ఆస్ట్రుడ్ జిల్బెర్టో గాన జీవితం

2023 జూన్ 5వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆస్ట్రుడ్ జిల్బెర్టో అను బ్రెజిల్ గాయని 83 ఏండ్ల వయస్సున కన్నుమూసినది. ఆ వార్తను ప్రకటించిన పత్రికలలో చాలవరకు ఒకే కథను తిరిగి చెప్పినవి. గాయని కాని ఒక గృహిణి భర్త వెంట స్టూడియోకు పోయినదట. ఇంగ్లీషు వచ్చినది ఆమె ఒక్కతెకే అగుటచేత ఒక పాటను పాడినదట. ఆ పాటతో లోకప్రసిద్ధురాలైనదట. కథ ముచ్చటగానే ఉన్నది. కాని ముచ్చటైన కథలనే ఎక్కువ జాగ్రత్తగా పరీక్షింపవలసియుండును. ఈ కథను మొదట ఎవరు చెప్పినారు, దానివలన ఎవరికి లాభించినది అని అడిగినచో, ఒక గాయని జీవితంతోబాటు, పాటలోని శ్రమకు వెలకట్టు పద్ధతి కూడ బయటపడును.

ముందుగా ఆ పాట పుట్టిన వాతావరణమును తెలిసికొనవలెను. 1956 నుండి 1961 వరకు బ్రెజిల్‌కు జుసెలీనో కుబిచెక్ అధ్యక్షుడు. 50 ఏండ్ల ప్రగతిని 5 ఏండ్లలో సాధింతుమన్నది ఆయన నినాదం. దేశపు నడిమి పీఠభూమి మీద బ్రసీలియా అను కొత్త రాజధాని లేచి, 1960 ఏప్రిల్ 21న ప్రారంభమైనది. పాత రాజధాని రియో ది జనీరోలో, కోపకబానా, ఇపనేమా సముద్రతీరాలలోని మేడల గదులలో, మధ్యతరగతి యువకులు రాత్రివేళల గిటార్లు పట్టుకొని కూర్చుండెడివారు. ప్రక్క వాటాలవారు మేలుకొందురను భయంచేతనే వారు గొంతు తగ్గించి పాడినారని ఒక చమత్కారపు వివరణ కలదు. అంతకంటె బలమైన కారణం మైక్రోఫోను. ఆకాశవాణి లలిత సంగీతం విన్న తెలుగు శ్రోతకు, మెల్లని గొంతుకు ఆ చిన్న యంత్రమిచ్చిన చోటును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

బహియా రాష్ట్రం నుండి వచ్చిన జొవావ్ జిల్బెర్టో 1958లో ‘షేగా ది సౌదాది’ అను పాటను రికార్డు చేసినాడు. సాంబా ఊరేగింపులోని డోళ్ల మోతను ఆయన ఒక్క గిటారు మీదికి దింపినాడు. బొటనవ్రేలు పెద్ద డోలు దెబ్బను పట్టుకొని ఉండగా, తక్కిన వ్రేళ్లు ఎదురుదెబ్బలు వేయును. గొంతు మాత్రం చెవిలో రహస్యం చెప్పినంత మెల్లగా, తాళమునకు ఒకప్పుడు ముందుగాను, ఒకప్పుడు వెనుకగాను సాగును. ఆ పాటకు స్వరకర్త ఆంటోనియో కార్లోస్ జోబిం. ఆయన కూర్చిన స్వరసమ్మేళనాలలో జాజ్ సంగీతపు ఛాయలు కలవు. ఈ పద్ధతికే ‘బోసా నోవా’ అని పేరు వచ్చినది. కొత్త తీరు, కొత్త వాటం అని దాని అర్థం. ఈ పాటలు శ్రుతిలో లేవని ఆక్షేపించువారిని ఎకసెక్కెమాడుచు, ‘శ్రుతి తప్పినది’ అను అర్థమిచ్చు ‘దెజఫినాదో’ అను పాటనే జోబిం, న్యూటన్ మెండోన్సా కలిసి కట్టినారు.

ఆస్ట్రుడ్ 1940 మార్చి 29న బహియాలోని సాల్వదోర్ నగరంలో జన్మించి, రియోలో పెరిగినది. తల్లి బ్రెజిల్ స్త్రీ. తండ్రి జర్మన్ దేశీయుడు, భాషలు బోధించువాడు. ఆమె తరువాతి కాలంలో పోర్చుగీసు, ఇంగ్లీషులే కాక స్పానిష్, ఇటాలియన్, ఫ్రెంచి, జర్మన్, జపనీస్ భాషలలోను పాడినదన్న సంగతిని ఈ ఇంటి నేపథ్యంతో కలిపి చూడవచ్చును. బోసా నోవా యువకులు గుమికూడు ఇంటి బిడ్డ, స్వయముగా గాయని అయిన నారా లియావ్ ఆమెకు స్నేహితురాలు. 1959లో ఆస్ట్రుడ్ జొవావ్ జిల్బెర్టోను వివాహమాడినది. 1960 మే నెలలో రియోలోని ఆర్కిటెక్చర్ కళాశాలలో జరిగిన బోసా నోవా కచేరీలో భర్త గిటారు వాయించగా వేదికపై పాడినది. న్యూయార్కు స్టూడియోకు ఇది సుమారు మూడేండ్ల వెనుకటి మాట. జొవావ్ సాధనకు పేరుపడ్డవాడు; ఒక్క పాటనే గంటల తరబడి అటుమార్చి ఇటుమార్చి పాడు స్వభావం గలవాడు. అట్టివాని ఇంట మూడు నాలుగేండ్లు మెలగిన మనిషిని సంగీతమెరుగని గృహిణి అనుట, సంగీతమెట్లు అబ్బునో ఎరుగని మాట.

ఇక అమెరికా సంగతి. 1962లో సాక్సోఫోను విద్వాంసుడు స్టాన్ గెట్జ్, గిటారు వాద్యకారుడు చార్లీ బర్డ్ కలిసి ‘జాజ్ సాంబా’ అను ఎల్.పి. రికార్డును వెలువరించినారు. ఆ రికార్డు అమెరికాలో విశేషంగా అమ్ముడుపోయినది. అదే ఏడు నవంబరు 21న న్యూయార్కులోని కార్నెగీ హాలులో బ్రెజిల్ గాయకులతో పెద్ద కచేరీ జరిగినది. 1963 మార్చి 18, 19 తేదీలలో, వెర్వ్ కంపెనీ తరఫున నిర్మాత క్రీడ్ టేలర్ ఆధ్వర్యంలో, గెట్జ్, జొవావ్, పియానో వద్ద జోబిం న్యూయార్కులోని ఏ అండ్ ఆర్ స్టూడియోలో కూర్చున్నారు. వారు చేపట్టిన పాటలలో ఒకటి, ఇపనేమా సముద్రతీరమునకు నడిచిపోవు యువతిని గూర్చినది. దానికి స్వరం జోబింది. పోర్చుగీసు రచన వినీసియస్ ది మొరాయిస్ అను కవిది. ఇంగ్లీషు రచన నార్మన్ గింబెల్‌ది. రికార్డులో మొదట జొవావ్ పోర్చుగీసులో పాడును. తరువాత ఆస్ట్రుడ్ ఇంగ్లీషులో అందుకొనును. అటుపిమ్మట గెట్జ్ సాక్సోఫోను, జోబిం పియానో వినిపించి, మరల ఆమె గొంతు వచ్చును.

ఆ గొంతులో ఏమున్నదని విద్యార్థులు అడుగుట సహజం. గమకం లేదు. పాశ్చాత్య గాయకులు స్వరం చివర చేర్చు కంపనం దాదాపు లేదు. స్వరమును నిటారుగా పట్టి, నిటారుగా వదలును. మాటలను తాళపు దెబ్బ మీద పడనీయక ఒక్క లిప్త వెనుకకు జరిపి పలుకును. ఆమెకు ఇంగ్లీషు పరాయి భాష అన్న సంగతి ప్రతి అక్షరంలో తెలియుచునే ఉండును. ఇంగ్లీషు రచన ఒక పురుషుడు తన నిరాశను చెప్పుకొనునట్లు ఉత్తమ పురుషలో సాగినది. స్త్రీ పాడవలసి రాగా దానిని ప్రథమ పురుషకు మార్చినారు. ఆ మార్పులో ద్వితీయా విభక్తిలో ఉండవలసిన ఒక సర్వనామం ప్రథమా విభక్తిలోనే నిలిచిపోయినది. వ్యాకరణం నేర్పు ఉపాధ్యాయుడు దానిక్రింద ఎర్రగీత గీయక మానడు. అయితే ఆ తప్పు ప్రాసకు కుదిరినది. అరువది ఏండ్లుగా లోకమంతా దానిని అట్లే పాడుచున్నది. ఒకరి నిరాశను మరొకరు దూరం నుండి చూచి చెప్పుచున్నట్లు వినిపించుటకు ఆ ప్రథమ పురుషయు, ఆమె కంపనంలేని గొంతుయు రెండును తోడ్పడినవి. పాటలోని యువతి ఎవరివంకయు చూడక నడిచిపోవును. ఆమెను గూర్చి పాడు గొంతు కూడ ఎవరిని బతిమాలదు.

రికార్డు వెంటనే వెలువడలేదు. ఏడాది తరువాత, 1964 మార్చిలో, ‘గెట్జ్/జిల్బెర్టో’ అను పేరుతో అంగళ్లకు వచ్చినది. అట్టమీది జిల్బెర్టో జొవావ్ మాత్రమే. ముఖపత్రం మీద జోబిం పేరు కూడ కలదు గాని ఆస్ట్రుడ్ పేరు లేదు. ఇంతలో కంపెనీ ఒక పని చేసినది. 5 నిమిషాలకు పైబడిన ఆ పాటను రేడియోకు సరిపడునట్లు కత్తిరించి చిన్న రికార్డుగా విడుదల చేసినది. కత్తిరించినది ఏ భాగమును? జొవావ్ పాడిన పోర్చుగీసు భాగమును. అమెరికా శ్రోతలకు మిగిలినది ఆస్ట్రుడ్ గొంతు, గెట్జ్ సాక్సోఫోను. ఆ చిన్న రికార్డు పదిలక్షలకు మించి అమ్ముడుపోయి, 1964లో అమెరికా పాటల పట్టికలో 5వ స్థానమునకు ఎక్కినది. పెద్ద రికార్డు ఎల్.పి.ల పట్టికలో 2వ స్థానం వరకు పోయినది. 1965లో గ్రామీ బహుమతులు పంచినప్పుడు ‘ఆ ఏటి ఆల్బం’ బహుమానం మొదటిసారిగా ఒక జాజ్ రికార్డుకు దక్కినది. ‘ఆ ఏటి రికార్డు’ అను బహుమానం ఆ చిన్న రికార్డుకు, గెట్జ్, ఆస్ట్రుడ్‌ల పేరున వచ్చినది. ‘కొత్త కళాకారుల’ పట్టికలోను ఆమె పేరు, జోబిం పేరు చేరినవి గాని, ఆ బహుమానం బీటిల్స్ బృందమునకు పోయినది.

ఆ పాట పాడినందుకు ఆమెకు ముట్టినది ఎంత? బోసా నోవా చరిత్ర వ్రాసిన రుయి కాస్త్రో లెక్క ప్రకారం 120 డాలర్లు. వాద్యకారుల సంఘం ఒకపూట పనికి నిర్ణయించిన కూలి అది. అమ్మకంలో భాగం లేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టం.

ఆ ‘గృహిణి’ కథ ఇచ్చటనే అక్కరకు వచ్చినది. పాట ప్రసిద్ధమైన తరువాత ఆమెను కనిపెట్టిన ఘనత తమదేనని నిర్మాత ఒకవైపు, సాక్సోఫోను విద్వాంసుడు మరొకవైపు చెప్పుకొన్నారు. అప్పటికామె వట్టి గృహిణి అని గెట్జ్ 1964 నాటి ఒక సంభాషణలో అన్నాడు. ఆమె చెప్పిన వృత్తాంతం వేరు. న్యూయార్కు హోటలులో గెట్జ్‌తో సాధన జరుగబోవు నాడు, నీకొక వింత చూపెదనని భర్త ముందే ఊరించినాడట; సాధనలో ఇంగ్లీషు చరణం పాడుమని ఆయనయే పిలిచినాడట; విన్న గెట్జ్ ఎంతో ఉత్సాహం చూపినాడట. ఈ రెండింటిలో ఏది నిజమైనను గమనింపవలసిన విషయం ఒకటి కలదు. ఆ పాటలో గెట్జ్ వాయించిన ఆలాపన కూడ అప్పటికప్పుడు పుట్టినదే. జాజ్ సంగీతం యొక్క ప్రాణమే అది. ఆయన అప్పటికప్పుడు వాయించినది ప్రతిభ అయినది. ఆమె అప్పటికప్పుడు పాడినది అదృష్టమైనది. ప్రతిభకు వాటా ఇవ్వవలెను. అదృష్టమునకు కూలి చాలును.

ఆ రికార్డు వెలువడిన నెలలోనే బ్రెజిల్ చరిత్ర మలుపు తిరిగినది. 1964 మార్చి 31న సైన్యం తిరుగబడి, అధ్యక్షుడు జొవావ్ గులార్ట్ ప్రభుత్వమును కూలద్రోసినది. ఆ సైనిక పాలన 1985 వరకు సాగినది. లోకమంతా ఇపనేమా తీరపు ఎండను తలచుకొని మురియుచుండగా, ఆ తీరమున్న దేశంలో మాటకే కట్టడి వచ్చినది. పూలు, సముద్రం, చిరునవ్వు అను పాటలతో ఇక చాలదని గాయకులు అనుకొన్నారు. నారా లియావ్ 1964 డిసెంబరులో ‘ఒపినియావ్’ అను ప్రదర్శనలో, మురికివాడల నుండి, కరవుసీమల నుండి వచ్చిన పాటకారులతో కలిసి వేదిక ఎక్కినది. 1965 టెలివిజన్ పాటలపోటీలో ఎలిస్ రెజీనా గొంతెత్తి పాడి గెలుపొందినది. గొంతు తగ్గించి పాడుటయే కొత్తదనమైన కాలం పోయి, గొంతెత్తుటయే అవసరమైన కాలం వచ్చినది.

అట్టి సమయమున, 1965లో, ఆస్ట్రుడ్ స్వదేశంలో పాడినది. పత్రికలు ఆమెను కఠినంగా విమర్శించినవి. పరదేశంలో పేరు గడించుటయే అప్పటి పత్రికలకు దేశద్రోహమువలె తోచినదని ఆమె కుమారుడు దరిమిలా చెప్పినాడు. ఆ తరువాత ఆమె బ్రెజిల్‌లో కచేరీ చేయలేదట. ఇది ఆమె ఒక్కతెకే జరిగినదనుకొనరాదు. 1940లో అమెరికా నుండి తిరిగివచ్చిన కార్మెన్ మిరాండాను రియోలోని ఉర్కా కాసినో ప్రేక్షకులు మౌనంతో శిక్షించినారు. ఆమె అమెరికాకు పోయి, మరల 1954 వరకు స్వదేశంలో అడుగుపెట్టలేదు. విదేశీయులు ఒక దేశపు గొంతుగా ఎన్నుకొన్న మనిషిని ఆ దేశం అనుమానించుట బ్రెజిల్‌లో అలవాటైన వ్యవహారం. ఆ అనుమానంలో కొంత న్యాయం కూడ లేకపోలేదు. అమెరికా కంపెనీలు కోరినది బ్రెజిల్‌ను కాదు, సెలవురోజుల బ్రెజిల్‌ను. కాని ఆ నేరమును గాయని నెత్తిన వేయుట న్యాయం కాదు.

అప్పటికి జొవావ్‌తో ఆమె కాపురం చెదిరినది. 1964లో గెట్జ్ బృందంతో ఊరూరా తిరిగి పాడిన తరువాత ఆమె తన పేరున రికార్డులు చేయుటకు పూనుకొన్నది. 1965లో వెలువడిన మొదటి ఎల్.పి.కి జోబిం స్వయంగా గిటారు వాయించినాడు. 1966లో వచ్చిన ‘లుక్ టు ది రెయిన్‌బో’కు వాద్యబృంద రచన చేసినది గిల్ ఎవాన్స్, ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఉత్తమ రికార్డులు కొన్నింటికి వాద్యరచన చేసిన మనిషి ఆయనయే. ఆర్గన్ వాద్యకారుడు వాల్టర్ వాండర్లీతో చేసిన రికార్డు తేలికైనదే అయినను, తాళముతో ఆమె ఆడుకొనిన తీరు అందు చక్కగా తెలియును. ‘ది డెడ్లీ అఫెయిర్’ చిత్రంలో క్విన్సీ జోన్స్ సంగీతమునకు ఆమె పాడిన పాట చీకటి ఛాయలు గలది. సముద్రతీరపు పిల్లగా మాత్రమే ఆమెను ఎరిగినవారు దానిని తప్పక వినవలెను.

అన్ని రికార్డులు అట్టివి కావు. 1960ల చివర కంపెనీ ఆమెచేత నాటి ప్రసిద్ధ గీతాలను వరుసగా పాడించినది. వాద్యాల తీపి పెరిగినకొలది ఆ పొడిగొంతు అందము మరుగుపడినది. 1971లో సాక్సోఫోను వాద్యకారుడు స్టాన్లీ టరంటైన్‌తో కలిసి పాడిన రికార్డు ఆమెను మరల జాజ్ దారికి తెచ్చినది. 1972లో ‘నౌ’ అను రికార్డు నాటికి ఆమె తన పాటలు తానే కట్టుకొనసాగినది. 1977లో ‘దట్ గర్ల్ ఫ్రం ఇపనేమా’ అను రికార్డులో ఆమె రచనలతోబాటు, ఆ పాత పాటయే నాటి డిస్కో తాళంతో మరల వినిపించును. అది వినసొంపుగా లేదు. ఒక్క పాట మనిషిని ఎంతకాలం వెంటాడునో చెప్పుటకు మాత్రం పనికివచ్చును. అదే రికార్డులో చెట్ బేకర్‌తో ఆమె పాడిన యుగళగీతం ఒకటి కలదు. రియో మేడలలోని యువకులు 1950లలో చెవియొగ్గి విన్న మెల్లని అమెరికా గొంతులలో బేకర్ గొంతు ఒకటి. ఏ గొంతు నుండి తనతరం నేర్చుకొన్నదో ఆ గొంతు ప్రక్కన నిలిచి ఆమె సరిజోడుగా పాడినది.

తరువాత రెండు దశాబ్దాలు ఆమె తన బృందంతో దేశదేశాలు తిరిగినది. పెద్దకుమారుడు ఆ బృందంలో బాస్ వాయించెడివాడు. 1996లో ఎయిడ్స్ వ్యాధిగ్రస్తుల సహాయార్థం వెలువడిన రికార్డు కొరకు జార్జ్ మైకేల్‌తో కలిసి ‘దెజఫినాదో’ పాడినది. 2002లో ‘జంగిల్’ అను రికార్డు వెలువరించి, కచేరీలు మానుకొని, చిత్రలేఖనంలోను, మూగజీవుల పక్షాన వాదించుటలోను కాలం గడిపినది. మొదటి పాట నుండి చివరి రికార్డు వరకు లెక్కించినచో సుమారు 40 ఏండ్లు. యాదృచ్ఛికముగా ఒకపూట పాడవచ్చును గాని, యాదృచ్ఛికముగా 40 ఏండ్లు పాడుట సాధ్యమా?

ఇక చట్టం సంగతి. పాట వ్రాసినవారికి, స్వరపరచినవారికి కృతిమీద హక్కు ఉన్నట్లే, పాడినవారికి, వాయించినవారికి తమ గానముమీద హక్కు ఉండవలెనని 1961లో రోము నగరంలో దేశాల మధ్య ఒక ఒడంబడిక కుదిరినది. బ్రెజిల్ 1965లో అందు చేరినది. అమెరికా చేరలేదు. అందుచేత అమెరికా రేడియో కేంద్రాలు ఒక పాటను ప్రసారం చేసినప్పుడు రచయితకు, స్వరకర్తకు పైకం చెల్లించుట కలదు గాని, పాడినవారికి చెల్లించు నియమం లేదు. ఇపనేమా పాట రేడియోలో మ్రోగినంతకాలం జోబిం, మొరాయిస్, గింబెల్‌ల ఖాతాలకు సొమ్ము చేరవలసియున్నది. ఆ గొంతు ఖాతా మాత్రం ఖాళీ. 1995లో వచ్చిన చట్టం డిజిటల్ ప్రసారాల వరకు గాయకులకు హక్కు నిచ్చినది. కాని 1972 ఫిబ్రవరికి ముందు చేసిన రికార్డులు ఆ కేంద్ర చట్టం పరిధిలోనికి రాలేదు. 1963 నాటి రికార్డుకు ఆ తలుపు 2018 చట్టంతో గాని తెరుచుకొనలేదు. ఆ లెక్కలో సగం రికార్డు యజమానికి, 45 పాళ్లు ముఖ్య కళాకారులకు, 5 పాళ్లు తక్కిన వాద్యకారులకు, వంతపాటగాండ్రకు చెందును. ముఖ్య కళాకారుడెవరు, తక్కినవారెవరు అన్న ప్రశ్నకు ఇంత వెల ఉన్నది. అట్టమీద ఒక పేరు ముద్రించుట, మానుట మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

రేడియో వారు కూడ గాయకులకు చెల్లింపవలెనను బిల్లు అమెరికా కాంగ్రెసులో 2021లో, 2023లో, మరల 2025లో ప్రవేశపెట్టబడినది. ఇంతలో మరొక చిక్కు వచ్చిపడినది. మనిషి గొంతును యంత్రం అచ్చుగ్రుద్దినట్లు అనుకరింపగల కాలమిది. టెనెసీ రాష్ట్రం 2024 మార్చిలో ఎల్విస్ ప్రెస్లీ పేరు స్ఫురించు చట్టమొకటి చేసి, మనిషి గొంతు కూడ ఆ మనిషి ఆస్తియే అని ప్రకటించినది. గమకాలు, విరుపులు లేని సాదాగొంతును అనుకరించుట సులభమని యంత్రములవారు తలచవచ్చును. ఆస్ట్రుడ్ గొంతు సాదాది. అయినను 1964 నుండి దానిని అనుకరింపబోయినవారు అనేకులు, నెగ్గినవారు అరుదు. తాళం వెనుక ఆమె ఉంచిన ఆ లిప్తపాటు దూరమును కొలిచి చూపవచ్చును. ఏ మాటకు ఎంత ఉంచవలెనో నిర్ణయించినది ఆమె.

రియో విమానాశ్రయమునకు 1999లో జోబిం పేరు పెట్టినారు. ఇపనేమాలో ఒక వీథికి కవి వినీసియస్ ది మొరాయిస్ పేరు ఉన్నది. వారిరువురు కూర్చుండిన పానశాలకు ఆ పాట పేరే ఉన్నది. 2016 ఆగస్టు 5న మారకానా క్రీడామైదానంలో ఒలింపిక్ ఉత్సవాలు ఆరంభమైనప్పుడు జోబిం మనుమడు పియానో వద్ద కూర్చుండి ఆ పాటను పోర్చుగీసులో పాడినాడు. అప్పటికి ఆస్ట్రుడ్ కచేరీలు మాని 14 ఏండ్లైనది.